అంటుకుంటేనే అక్షరం

పోయిన ఎండాకాలం మా బామ్మర్ది హన్మకొండలో విత్తనాల దుకాణం తెరిచాడు. ఫ్లెక్స్ అయితే గాలికి చిరుగుతుందని, గట్టి ప్లాస్టిక్ షీట్ మీద నేరుగా ప్రింట్ వేయించి బోర్డు పెట్టాడు. మార్చిలో బిగించిన బోర్డు రోహిణి కార్తె వచ్చేసరికి పొక్కులు లేచింది. రోళ్లు పగిలే ఎండలు కాబట్టి రంగు వెలిసిందంటే అర్థముంది. ఇది వెలవనే లేదు. గోటితో గీరితే ఉల్లిపొరలా, నిగనిగలాడుతూనే ఊడి వచ్చింది. ‘విత్తనాలు’లో మొదటి అక్షరం రాలిపోయి ‘త్తనాలు’ మిగిలింది.

వేసిన షాపువాళ్లు ఎండ మీదికి నెట్టేశారు. ఇంకోచోట ఫ్లాట్‌బెడ్ మిషన్ నడిపే కుర్రాడికి ఆ ముక్క చూపిస్తే, రెండు వేళ్లతో వంచి చూసి, "ఇది పీపీ షీట్ అన్నా. ప్రైమర్ కొట్టకుంటే గిట్లనే ఊడుతది" అన్నాడు. పీపీ అంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, ప్రైమర్ అంటే సిరాకి ముందు పూసే పట్టు పూత. ఆ ఒక్క మాట వెనక చాలా రసాయనశాస్త్రం ఉంది.

నిజానికి సిరా చల్లడం మిషన్‌కి పెద్ద కష్టమేమీ కాదు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు షీట్‌ని బల్ల మీద పరిచి, కింది నుంచి గాలి లాగి కదలకుండా పట్టి ఉంచుతారు. పైన ప్రింట్‌హెడ్ అటూ ఇటూ పరుగెడుతుంది. వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే టక్కున నిప్పురవ్వ వస్తుంది కదా, దానికి కారణమైన పీజో పదార్థమే ఈ హెడ్‌లోనూ పని చేస్తుంది. నొక్కితే కరెంటు పుట్టే ఈ గుణాన్ని క్యూరీ సోదరులు 1880లో బయటపెట్టారు. హెడ్‌లో పని తిరగేసి జరుగుతుంది: కరెంటు ఇస్తే ఆ పదార్థం ఆవగింజలో వెయ్యో వంతైనా కదలకుండానే సిరాని సన్నటి రంధ్రంలోంచి బయటికి తోస్తుంది. చుక్క 10 పికోలీటర్లు ఉందనుకుంటే దాని అడ్డకొలత సుమారు 27 మైక్రాన్లు, తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. లీటరు సిరాలో అలాంటి చుక్కలు పదివేల కోట్లు!

పడిన చుక్క ఎలా ఆరుతుంది? అసలు ఆరదు. ఫ్లెక్స్ సిరాలో ఉండే ద్రావకం ఆవిరైపోతే రంగు మిగులుతుంది, ఆ షాపుల్లో ఘాటు వాసన అదే. ఈ సిరాలో ఆవిరి కావలసింది దాదాపు ఏమీ ఉండదు. హెడ్ పక్కనే ఉన్న దీపం నుంచి అతినీలలోహిత (యూవీ) కాంతి, చాలా మిషన్లలో 395 నానోమీటర్లది, పడగానే సిరాలోని చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులై, వలగా మారి గట్టిపడతాయి. క్షణం కూడా పట్టదు. పిప్పిపన్నుకి సిమెంటు పెట్టి డాక్టరు నీలం లైటు వేస్తే గట్టిపడేది ఇంచుమించు ఇదే పద్ధతిలో.

గొడవంతా ఆ తర్వాతే. పట్టు దొరకాలి.

తామరాకు మీద నీటిబొట్టు అంటాం కదా. పాల ప్యాకెట్ మీద స్కెచ్ పెన్‌తో రాసి చూడండి, సిరా అలాగే ముత్యాల్లా ముడుచుకుంటుంది. పాలిథీన్, పాలీప్రొపిలీన్ (షాపుల్లో పీపీ) అణువుల్లో కర్బనం, హైడ్రోజన్ తప్ప ఇంకేమీ లేవు. పైన వాలిన వాటితో అవి పెద్దగా పొత్తు పెట్టుకోవు. ఈ పొత్తు గుణాన్ని ఉపరితల శక్తి అంటారు, షాపులో ‘డైన్’ లెక్క. పీపీకి అది 30 దగ్గర, గాజులా కనిపించే అక్రిలిక్ ప్లాస్టిక్‌కి 40 దగ్గర ఉంటుంది. ద్రవం తనలోకి తాను ముడుచుకునే గుణం తలతన్యత, అది షీట్ లెక్క కంటే ఎక్కువైతే చుక్క పరుచుకోదు. నీటి తలతన్యత 72. అందుకే నీళ్లు పీపీ మీద పరుచుకోవు. యూవీ సిరాల తలతన్యత మాత్రం సాధారణంగా 30 లోపే, కాబట్టి పీపీ మీద కూడా చక్కగా పరుచుకుంటాయి. మోసం ఇక్కడే ఉంది. పరుచుకుంది కాబట్టి అంటుకుందనుకుంటాం. అక్రిలిక్, పీవీసీ లాంటివాటిలోకైతే సిరాలోని కొన్ని అణువులు గట్టిపడేలోపే కాస్త చొరబడి వేళ్లూనుకుంటాయి. పీపీ ఆ అవకాశం ఇవ్వదు. పైగా గట్టిపడేటప్పుడు సిరా పొర కొంచెం ముడుచుకుంటుంది, అంచుల్ని తనే పైకి లాక్కుంటుంది.

మందు లేకపోలేదు. షీట్ మీద హైవోల్టేజీ విద్యుత్తుతో గాలిలో మెరుపులాంటిది పుట్టిస్తే, ఆక్సిజన్ వచ్చి పై పొరలో చేరి సిరాకి పట్టు ఇస్తుంది. దీన్ని కరోనా ట్రీట్‌మెంట్ అంటారు (రోగంతో సంబంధం లేదు). నెలలు గడిచేకొద్దీ ఆ ప్రభావం తగ్గిపోతుంది, గోదాములో పాతబడ్డ షీట్‌ని నమ్మలేం. లేదా కుర్రాడు చెప్పిన ప్రైమర్. మన చేర్యాల నకాశీ కళాకారులు బట్ట మీద నేరుగా రంగెయ్యరు. చింతగింజల జిగురు, తెల్లమట్టి కలిపి పూత పూసి, అది ఆరాకే కుంచె పడతారు. వాళ్ల దగ్గర డైన్ లెక్కలు లేవు గానీ విషయం తెలుసు.

ఇక మన ఎండ. అక్రిలిక్ ఇనుముకి ఆరింతలు వ్యాకోచిస్తుంది. ఎనిమిదడుగుల షీట్ 30 డిగ్రీలు వేడెక్కితే 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్క్రూ కన్నం బిగుతుగా పెడితే షీట్ ఉబ్బుతుంది, పగులుతుంది. షాపులో గోడకి చేరేసిన షీట్ వేడికి వంగితే ఇంకో ప్రమాదం: హెడ్‌కీ షీట్‌కీ మధ్య ఎడం రెండు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప, లేచిన అంచు తగిలితే ఖరీదైన హెడ్ పోతుంది. ఆపరేటర్లకి అసలు టెన్షన్ అదే. అక్రిలిక్ మీది రక్షణ పొర లాగగానే స్థిర విద్యుత్తు పుట్టి రోడ్డు దుమ్మంతా వచ్చి వాలుతుంది, చుక్కలు దారి తప్పుతాయి. తెలుగుకి ఇది ఇంగ్లీషు కంటే ఎక్కువ నష్టం. సన్న అక్షరాల్లో ‘థ’ చుక్క చెదిరితే ‘ధ’తో కలిసిపోతుంది.

బామ్మర్ది ఈసారి పారదర్శకమైన అక్రిలిక్ తీసుకున్నాడు. అక్షరాల్ని అద్దంలోలా తిప్పి వెనకవైపు వేసి, వాటి మీద తెల్ల సిరా పొర కొట్టారు. వానకీ గోటికీ ముందువైపు ప్లాస్టిక్కే అడ్డు. డెలివరీకి ముందు నేను ఓ మూల బ్లేడుతో చిన్న గళ్లు గీసి, సెల్లోటేప్ గట్టిగా అతికించి ఒక్కసారిగా పీకాను. కుర్రాడు నవ్వుతూ చూస్తున్నాడు. టేపుకి దుమ్ము తప్ప ఏమీ రాలేదు.