మయసభలో నవ్వింది ఎవరు?

గుంటూరు అరండల్‌పేటలోనో బ్రాడీపేటలోనో ఎవరినైనా ఆపి కురుక్షేత్రం ఎందుకు జరిగిందని అడగండి. చాలామంది ఒకటే మాట చెబుతారు. ద్రౌపది నవ్వింది కాబట్టి అని. దుర్యోధనుడు మయసభలో నేల అనుకుని నీళ్ళలో కాలు పెట్టాడు, పడ్డాడు, పైనుంచి ఆమె పకపకా నవ్వింది, గుడ్డివాడి కొడుకూ గుడ్డివాడే అంది. అక్కడ మొదలైందంటారు అంతా.

నేను ఇక్కడ డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతాను. జ్ఞాపకశక్తి పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో ఈ ప్రశ్నే వేస్తాను, ఏటా ఈ జవాబే వస్తుంది. అప్పుడు వ్యాసుడి సభాపర్వం తీసి చదివి వినిపిస్తాను. పుణెలోని భండార్కర్ సంస్థ పండితులు వందల రాతప్రతులు పోల్చి చూసి 1966 నాటికి పూర్తిచేసిన సంశోధిత ప్రతి అది. అందులో కథ చెప్పేవాడి మాటల ప్రకారం దుర్యోధనుడు నీళ్ళలో పడినప్పుడు నవ్వింది భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు, అక్కడి పనివాళ్ళు. ధర్మరాజు పొడి బట్టలు ఇప్పించాడు. ద్రౌపది పేరు ఆ చోట లేదు. గుడ్డివాడి కొడుకు అన్న మాట అసలే లేదు.

ఆ వెంటనే ఒక చిన్న వాక్యం ఉంది. ఆ నవ్వును అతను ఓర్చుకోలేకపోయాడట. కానీ లోపలి బాధ బయటపడనీయకుండా ముఖం బిగబట్టుకుని, వాళ్ళవైపు కన్నెత్తి చూడలేదట.

చూడనివాడికి ఎవరు నవ్వారో ఎలా తెలుసు?

హస్తినకు తిరిగి వచ్చాక దుర్యోధనుడు ఇదే సంగతి తండ్రికి తన నోటితో చెబుతాడు. అప్పటికి నవ్వినవాళ్ళ జాబితా పెరిగింది. కృష్ణుడు అర్జునుడితో కలిసి బిగ్గరగా నవ్వాడంటాడు. ద్రౌపది తన చుట్టూ ఉన్న స్త్రీలతో కలిసి నవ్వి నా మనసు గాయపరిచిందంటాడు. భీముడు నవ్వుతూ, ధృతరాష్ట్రుడి కొడుకా, వాకిలి ఇటు అని పిలిచాడంటాడు. గుడ్డివాడి కొడుకు అన్న మాటకు విత్తనం ఈ పిలుపులోనే పడిందేమో అని నా ఊహ. ఇంకో విశేషం చూడండి. మయసభ ఘట్టానికి ముందే కృష్ణుడు ద్వారకకు వెళ్ళిపోయాడని కథకుడు స్పష్టంగా చెప్పాడు. ఊళ్ళో లేని మనిషి నవ్వు దుర్యోధనుడి చెవుల్లో మోగుతోంది.

భారతం ఒక్క చేతి మీద, ఒక్క కాలంలో పుట్టిన గ్రంథం కాదు, రెండు అధ్యాయాలు రెండు కాలాలవి కావచ్చు, అందుకే తేడా వచ్చి ఉండొచ్చని పండితులు అంటే కాదనలేను. అయినా మన చేతికి అందిన కథలో ఈ రెండు సాక్ష్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. అవమానం పడ్డ మనిషి జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

జ్ఞాపకం సీసీ కెమెరా రికార్డింగ్ లాంటిది కాదు, గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనం దాన్ని మళ్ళీ అల్లుతామని బ్రిటిష్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే రాశాడు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం ఇంకా ప్రసిద్ధం. విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు ఎంత వేగంతో "తగిలాయి" అని కొందరిని, ఎంత వేగంతో "గుద్దుకుని నుజ్జయ్యాయి" అని కొందరిని అడిగారు. వారం తర్వాత, పగిలిన అద్దం ముక్కలు చూశారా అని అడిగితే మొదటి గుంపులో 50 మందికి 7గురు, రెండో గుంపులో 50 మందికి 16 మంది చూశామన్నారు. ఆ ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు. ప్రశ్నలో ఒక్క మాట మారితేనే లేని గాజుపెంకులు కనిపించాయి. మరి ఇంద్రప్రస్థం నుంచి హస్తినదాకా రథంలో కూర్చుని ఆ నవ్వునే పదేపదే తలచుకున్నవాడికి ఇద్దరు ముగ్గురు అదనంగా నవ్వినట్టు అనిపించడంలో వింత ఏముంది? అతను అబద్ధం చెప్పాడని నేను అనుకోను. అతనికి అలాగే గుర్తుంది.

ఎదుటివాళ్ళు నవ్వితే అది తన గురించేనని భయపడే స్థితికి మనస్తత్వశాస్త్రంలో ఒక పేరుంది, గెలటోఫోబియా. జూరిక్ విశ్వవిద్యాలయంలో విల్లిబాల్డ్ రూఖ్, రెనె ప్రోయర్ దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. ఈ భయం బాగా ఉన్నవాళ్ళకు స్నేహంగా నవ్వే నవ్వుకీ వెక్కిరింతకీ తేడా తెలియదు. రెండూ ఒకేలా గుచ్చుకుంటాయి. దీనికి తోడు, కెన్నెత్ డాడ్జ్ 1980లో పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి ఉంది. ఒక పిల్లవాడికి ఏదో నష్టం జరిగింది, అవతలివాడు కావాలని చేశాడో పొరపాటున చేశాడో తెలియదు. అలాంటప్పుడు దూకుడు స్వభావం ఉన్న పిల్లలు కావాలనే చేశాడని తేల్చేస్తారు.

దుర్యోధనుడి చిన్నతనం గుర్తు తెచ్చుకుంటే ఇది ఇంకా బోధపడుతుంది. ఆదిపర్వంలో భీముడు కౌరవ పిల్లల్ని జుట్టు పట్టి ఈడ్చేవాడు, ఈతకు వెళ్తే నీళ్ళలో ముంచి ఊపిరి ఆడకుండా పట్టుకునేవాడు, వాళ్ళు పళ్ళకోసం చెట్టెక్కితే చెట్టును తన్ని కింద పడేసేవాడు. భీముడికి అది ఆట, మనసులో ద్వేషం లేదంటాడు వ్యాసుడు. కింద పడేవాళ్ళకు అది ఆటగా ఉంటుందా? దానికి దుర్యోధనుడు ఇచ్చిన జవాబు భీముడికి విషం పెట్టి గంగలో తోసేయడం. బాధపడ్డ పిల్లలందరూ విషం పెట్టరు, ఆ తేడా మర్చిపోకూడదు. అయితే నీళ్ళు, భీముడి నవ్వు, అందరి ముందు పడిపోవడం, ఈ మూడూ కలిసి మయసభలో మళ్ళీ ఎదురయ్యేసరికి అవి అతని మీద ఎంత బరువుగా పడ్డాయో ఊహించగలం.

ఆ తర్వాత జరిగింది మన నాటకాల్లో, సినిమాల్లో దాదాపు కనిపించదు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే భాగం అదే. దారిలో శకునితో దుర్యోధనుడు అంటాడు, నిప్పుల్లో దూకుతాను, విషం తింటాను, నీళ్ళలో పడి చస్తాను, ఇక బతకలేను అని. శకుని వెళ్ళి ధృతరాష్ట్రుడికి చెబుతాడు, నీ కొడుకు రంగు మారి పాలిపోయాడు, చిక్కిపోయాడు అని. తండ్రి కొడుకును పిలిపించి అడిగిన ప్రశ్న చూడండి. మంచి బట్టలు కడుతున్నావు, మాంసంతో అన్నం తింటున్నావు, మేలుజాతి గుర్రాలు నిన్ను మోస్తున్నాయి, మరి ఎందుకిలా పాలిపోయి చిక్కిపోయావు?

ఈ ప్రశ్న నేను విజయవాడలో, గుంటూరులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లవాడు అన్నం తినడు, నిద్రపోడు, ఎవరితోనూ మాట్లాడడు. అమ్మానాన్నలు పక్కన కూర్చుని కళ్ళనీళ్ళతో అంటారు, "నీకేం తక్కువ చేశాం రా? ఏసీ రూమ్ పెట్టించాం, ఫీజు లక్షల్లో కట్టాం, అడిగిన ఫోన్ కొనిపెట్టాం" అని. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ప్రేమ ఉంది, మంచి ఉద్దేశం ఉంది. కానీ పక్కవాడి ర్యాంకుతో తన ర్యాంకు పోల్చుకుని కుమిలిపోయే పిల్లవాడికి ఏసీ రూమ్ ఏం జవాబు చెబుతుంది? మనిషి తన విలువను పక్కవాళ్ళతో పోల్చే కొలుచుకుంటాడని లియోన్ ఫెస్టింజర్ 1954లో సిద్ధాంతం చేశాడు. ధృతరాష్ట్రుడి కొడుకు ఆ మాట సొంత నోటితో చెప్పాడు. తన సంపద తగ్గిందని అతనికి బాధ లేదు, వాళ్ళది పెరిగిందని బాధ. నిద్ర, ఆకలి పోవడం, చిక్కిపోవడం, చావు గురించి మాట్లాడటం, ఈ గుర్తులు ఇంట్లో ఎవరిలో కనిపించినా తిండి, బట్టలు ఏకరువు పెట్టకండి. కూర్చోబెట్టి వినండి, డాక్టరుకు చూపించండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌లో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

మన ప్రాంతంలో దుర్యోధనుడంటే వేరే మనిషి గుర్తుకొస్తాడు. మా తాతయ్య పొలం గట్టు మీద నడుస్తూ పాండవోద్యోగ విజయాల పద్యాలు పాడుకునేవాడు. తిరుపతి వేంకట కవులు రాసిన ఆ నాటకాలు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆడని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. తిరునాళ్ళలో తెల్లవారుజాము రెండింటికి దుర్యోధనుడు గద భుజాన వేసుకుని వచ్చి రాగం అందుకుంటే జనం వన్స్‌మోర్ కొట్టేవాళ్ళు. పల్నాడు దాచేపల్లి నుంచి వచ్చిన ధూళిపాళ 1962లో భీష్మ, 1963లో నర్తనశాల సినిమాల్లో దుర్యోధనుడయ్యాడు. 1965లో పాండవ వనవాసంలో ఎస్వీ రంగారావు. మన గుంటూరు ఏసీ కాలేజీలో చదువుకున్న ఎన్టీ రామారావు 1966లో శ్రీకృష్ణపాండవీయంలో, 1977లో దానవీరశూరకర్ణలో ఆ పాత్ర వేశాడు. ఈ చివరి సినిమాకు మాటలు రాసిన కొండవీటి వెంకటకవిదీ గుంటూరు జిల్లాయే. ఆ దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా ఉంది. మయసభ తర్వాత అతను ఒంటరిగా నిలబడి మాట్లాడే సంభాషణను ఇప్పటికీ స్కూల్ వార్షికోత్సవాల్లో పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు.

ఆ సంభాషణ నాకూ ఇష్టమే, ఒళ్ళు పులకరిస్తుంది. కానీ వ్యాసుడి దుర్యోధనుడు అక్కడ గర్జించలేదు. మాట్లాడకుండా తల దించుకున్నాడు, ఇంటికొచ్చి చస్తానన్నాడు. రంగస్థలం మీద కుంగుబాటుకు రాగం ఉండదు, కోపానికి ఉంటుంది. అలా ఒక జబ్బుమనిషి మన కళ్ళముందే మహావీరుడైపోయాడు.

శకుని విషయంలో మార్పు ఇంకా పెద్దది. 1966 సినిమాలో శకుని తనవాళ్ళను కౌరవులు చెరలో చంపారని పగబట్టి, వంశాన్ని లోపలినుంచి కూలుస్తాడు. ఆ పాత్ర వేసింది ధూళిపాళే. ఈ కథ వ్యాసుడిలో లేదు. అక్కడి శకుని తీరు వేరు. ఘోషయాత్రలో, అంటే ఆలమందలు చూసే నెపంతో అడవికి వెళ్ళినప్పుడు, గంధర్వులు దుర్యోధనుణ్ణి బందీగా పట్టుకుపోతే పాండవులే విడిపించారు. శత్రువు దయవల్ల బతికానన్న బాధ అతను భరించలేకపోయాడు. అన్నం నీళ్ళు మాని చావడానికి దర్భల మీద కూర్చున్నాడు. దుశ్శాసనుడు కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు శకుని చెప్పిన సలహా వింటే మీరు నమ్మరు. పాండవుల రాజ్యం పాండవులకు ఇచ్చెయ్యి, కీర్తి వస్తుంది అన్నాడు. దుర్యోధనుడు వినలేదు. ఆ రాత్రి పాతాళంలో దానవులు తనను పిలిచి, నువ్వు మామూలు మనిషివి కావు, నీ నడుము పైభాగమంతా వజ్రమయం, గెలుపు నీదే అని చెప్పినట్టు అనిపించింది. కలలా ఉంది అనుకున్నాడు, కానీ లేచి కూర్చున్నాడు. తెలుగులో ఈ అరణ్యపర్వ శేషం రాసింది ఎర్రన. ఆ ఘట్టం చదువుతుంటే, చావు అంచు నుంచి ఒక్కసారిగా ఆకాశానికి ఎగిరిన ఆ మనసు నన్ను భయపెడుతుంది.

ఇది ఏ జబ్బు అని విద్యార్థులు అడుగుతారు. కొందరు వెంటనే నార్సిసిజం అంటారు. తనను తాను గొప్పగా ఊహించుకోవడం, పొగడ్త లేకపోతే కూలిపోవడం, ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని ఇప్పటి పరిశోధకులూ చెబుతున్నారు. బ్రాడ్ బుష్‌మన్, రాయ్ బౌమైస్టర్ 1998లో చేసిన ప్రయోగంలో విద్యార్థుల చేత వ్యాసం రాయించి, కొందరికి ఇంత అధ్వాన్నమైన వ్యాసం చదవలేదని జవాబిచ్చారు. తర్వాత ఒక పోటీలో అవతలివాడి చెవిలో పెద్ద శబ్దం వినిపించే అవకాశం ఇచ్చారు. నార్సిసిజం ఎక్కువగా ఉండి అవమానం పొందినవాళ్ళే అందరికన్నా గట్టి శబ్దం పెట్టారు, అదీ తమను అవమానించినవాడికే. పొగడ్త పొందినవాళ్ళు అంత కసి చూపలేదు. మామూలు ఆత్మగౌరవానికి ఈ కసితో సంబంధం కనిపించలేదు. దుర్యోధనుడు ద్రౌపదినే ఎందుకు ఎంచుకున్నాడో ఇందులో కొంత కనిపిస్తుంది. ఆమె నవ్విందని అతని జ్ఞాపకం చెప్పింది.

అయినా పేరు పెట్టి ముద్ర వేయడం నాకు నచ్చదు. ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించకుండా ప్రముఖుల మానసిక స్థితి గురించి అభిప్రాయం చెప్పకూడదని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973 నుంచి నియమం పెట్టుకుంది. పురాణ పాత్రను మనం తిరిగి ప్రశ్న కూడా అడగలేం. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నిండు సభలో ఒక స్త్రీని జుట్టు పట్టి ఈడ్పించింది కుంగుబాటు కాదు. కుంగుబాటుతో ఉన్న లక్షలమంది ఎవరికీ హాని చేయకుండా మౌనంగా బాధపడుతున్నారు. అతను శకునితో, తండ్రితో కూర్చుని ఆలోచించి పాచికలు ఎంచుకున్నాడు. వద్దని చెప్పడానికి విదురుడు ఉన్నాడు కూడా.

భాసుడిదిగా చెప్పే సంస్కృత నాటకం ఊరుభంగంలో తొడలు విరిగి పడ్డ దుర్యోధనుడు చిన్న కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకోలేక విలవిల్లాడతాడు. నాకు సేవ చేసినట్టే పాండవులకు చెయ్యి అని వాడికి చెబుతాడు. ఆ మనసు అక్కడ చల్లబడింది. వ్యాసుడు అంత దయ చూపలేదు. శల్యపర్వంలో తనవాళ్ళు దాదాపు అందరూ చచ్చాక దుర్యోధనుడు ఒంటరిగా మడుగులో దాక్కుంటాడు. మయసభలో నీళ్ళను నేల అనుకుని పడినవాడు, ఇక్కడ తానే మాయతో నీళ్ళను గడ్డకట్టించి లోపల పడుకున్నాడు. ఒళ్ళంతా గాయాలు, కాసేపు నన్ను వదిలేయండి అన్నాడు. గట్టు మీద పాండవులు నిలబడి ఉన్నారు. ధర్మరాజు మాటలతో పొడవడం మొదలుపెట్టాడు. మేలుజాతి గుర్రం కొరడా దెబ్బను ఓర్చుకోలేనట్టు అతను ఆ మాటలు ఓర్చుకోలేకపోయాడని రాశాడు వ్యాసుడు. నీళ్ళు చీల్చుకుని, గద పట్టుకుని పైకి వచ్చాడు.