బెనెడిక్ట్ మరణం: లాటిన్ పూజ వాళ్ల దుఃఖంలో నిష్ఠూరం ఎందుకు?

పదహారో బెనెడిక్ట్ పోప్ గారి అంత్యక్రియలు 2023 జనవరి 5న ముగిశాయి. ఆ వారంలోనే పాత గొడవ ఒకటి మళ్లీ రాజుకుంది. ఏళ్ల తరబడి ఆయన వెన్నంటి ఉన్న కార్యదర్శి, ఆర్చిబిషప్ గెయోర్గ్ గెన్స్‌వైన్ ఒక జర్మన్ పత్రికతో మాట్లాడారు. 1960ల దాకా కతోలిక గుళ్లలో సాగిన పాత లాటిన్ పూజపై 2021లో పోప్ ఫ్రాన్సిస్ తెచ్చిన ఆంక్షలు చదివి బెనెడిక్ట్ గుండె పగిలిందని అనుకుంటున్నట్టు చెప్పారు. పాత పూజలో మనశ్శాంతి వెతుక్కునేవాళ్లను రోమ్‌పై తిరగబడిన ఆర్చిబిషప్ లెఫెవ్ర్ వైపు పోనివ్వకూడదన్నది బెనెడిక్ట్ ఉద్దేశమని కూడా అన్నారు. గుండె పగిలిన మాటే అందరి నోళ్లలోనూ నానింది. అసలు కథ లెఫెవ్ర్ పేరులో ఉంది.

మా పూజ మాకు తిరిగిచ్చిన తండ్రి అని బెనెడిక్ట్ కోసం ఏడ్చిన సంప్రదాయవాదులే, 2013లో పదవి మానుకుని మమ్మల్ని ఎవరికి వదిలి వెళ్లారని నిష్ఠూరమాడారు. తెలుగు విచారణల్లో, అంటే ఊరి గుళ్ల పరిధుల్లో, తరాలుగా దివ్యబలిపూజ తెలుగులోనే సాగుతోంది కాబట్టి మనకు ఈ పట్టుదల వింతగా అనిపించొచ్చు. పాత లాటిన్ పూజలో గురువు (ఫాదర్) జనంతో పాటు బలిపీఠం వైపే తిరిగి ఉంటాడు. ముఖ్యమైన ప్రార్థన దాదాపు పెదవుల మీదే చెప్పుకుంటాడు. ఆ కాసేపు గుడిలో చిన్నపిల్లల అలికిడి తప్ప మరేమీ వినపడదు. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) మోకాళ్ల మీద, నాలుకపైనే తీసుకుంటారు. దాన్నే ఊపిరిగా చేసుకున్న కుటుంబాలు ఇవి.

1960ల్లో లోకంలోని బిషప్‌లు కూడిన రెండో వాటికన్ మహాసభ, తర్వాత జనం భాషల్లో వచ్చిన కొత్త పూజావిధానం, వాటిమీద ఫ్రెంచ్ ఆర్చిబిషప్ మార్సెల్ లెఫెవ్ర్ తిరుగుబాటు, ఇదీ వెనకటి కథ. నేరుగా 1988 మే 5కు వద్దాం. అప్పటికి బెనెడిక్ట్ ఇంకా కార్డినల్ రాట్జింగర్. వాటికన్‌లో విశ్వాస సిద్ధాంత విభాగం అధిపతి. రెండో జాన్ పాల్ పోప్ తరఫున లెఫెవ్ర్‌తో చర్చలు నడిపింది ఆయనే. ఆ రోజు ఇద్దరూ ఒప్పందంపై సంతకాలు చేశారు. లెఫెవ్ర్ స్థాపించిన పదో పయస్ సొసైటీకి గుర్తింపు, పాత పూజకు వాడే 1962 నాటి గ్రంథాలకు అనుమతి, ఆ సొసైటీ సభ్యుల్లోంచే ఒక బిషప్. బదులుగా పోప్‌కు విధేయత, మహాసభ మీద రచ్చ మానుకోవడం.

మర్నాడే లెఫెవ్ర్ ఉత్తరం పంపారు. జూన్ 30కల్లా బిషప్ కావాలి, లేదంటే తానే అభిషేకిస్తానని. ఆయనకు అప్పుడు 82 ఏళ్లు. తాను పోతే తమ కుర్రాళ్లను గురువులుగా అభిషేకించే బిషపే ఉండడన్న టెన్షన్. రోజులు సాగదీస్తూ రోమ్ తన చావు కోసం చూస్తోందన్న అనుమానం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆగస్టు 15కల్లా ఒక బిషప్‌ను ఇవ్వడానికి పోప్ సిద్ధమేనని రాట్జింగర్ మే నెలాఖరులో చెప్పారు. ఒక్కరు చాలరన్న పేచీ కూడా ఉందనుకోండి. తేదీల మధ్య తేడా మాత్రం నెలన్నరే.

ఆ నెలన్నర ఆగలేదు. జూన్ 30న స్విట్జర్లాండ్‌లోని ఎకోన్‌లో లెఫెవ్ర్ పోప్ అనుమతి లేకుండా నలుగురిని బిషప్‌లుగా అభిషేకించారు. వెంటనే రోమ్ వెలివేత ప్రకటించింది. లెఫెవ్ర్‌ను వదిలి రోమ్‌తో ఉండిపోయిన కొందరు గురువులు జూలైలోనే సెయింట్ పీటర్ ఫ్రటర్నిటీ పెట్టుకున్నారు. బెనెడిక్ట్ పోయాక వినిపించిన రెండు గొంతులూ, రోమ్‌తో ఉన్నవాళ్లదీ ఎకోన్ వైపు వాళ్లదీ, ఆ వేసవిలో విడిపోయినవే.

పోప్ అయ్యాక బెనెడిక్ట్ 2007 జూలై 7న తీసుకున్న నిర్ణయాన్ని ఇది తెలిసి చదవాలి. అంతకుముందు పాత పూజకు బిషప్ అనుమతి కావాల్సి వచ్చేది. ఆ పూజ ఎన్నడూ రద్దు కాలేదని బెనెడిక్ట్ తేల్చి చెప్పి, ఏ గురువైనా చేసుకోవచ్చన్నారు. చీలికలు వచ్చిన కీలక సమయాల్లో ఐక్యత నిలబెట్టడానికి సభ పెద్దలు చేయాల్సినంత చేయలేదనిపిస్తుందని బిషప్‌లకు రాసిన లేఖలో అన్నారు. ఆయన శతాబ్దాల గురించి రాశారు. నాకు మాత్రం అందులో 1988 మే నెల కనిపిస్తుంది. 2009లో ఎకోన్‌లో అభిషేకం పొందిన ఆ నలుగురు బిషప్‌లపై వెలివేత ఎత్తేశారు. వాళ్లలో ఒకరైన రిచర్డ్ విలియమ్సన్ యూదుల ఊచకోతను కాదన్న ఇంటర్వ్యూ బయటపడి లోకమంతా బెనెడిక్ట్ మీద విరుచుకుపడింది. అంత పడినా 2012లో సొసైటీతో చర్చలు ఒక కొలిక్కి రాలేదు. ఆ మరుసటి ఫిబ్రవరిలో పదవి వదిలేశారు.

తోడేళ్లకు భయపడి పారిపోకుండా ఉండేలా నాకోసం ప్రార్థించండని 2005లో ఆయనే అడిగారు. సంప్రదాయవాదులు ఆ మాట మర్చిపోలేదు. పోప్‌గా ఆయన ఒక్కసారి కూడా బహిరంగంగా పాత పూజ చేయలేదన్నదీ మర్చిపోలేదు. 2021 జూలై 16న ఆంక్షలు వచ్చినప్పుడు ఆయన వాటికన్ తోటల్లోని మఠంలోనే ఉన్నారు. పదవి వీడేరోజున కొత్త పోప్‌కు బేషరతుగా విధేయుడినని మాటిచ్చి ఉన్నారు. మాట తప్పలేదు. దాన్ని పిరికితనం అనేవాళ్లతో నేను ఏకీభవించలేను.

ఇచ్చిన వెసులుబాటును కొందరు మహాసభనే తిరస్కరించడానికి, చీలికలు పెంచడానికి వాడుకున్నారన్నది ఫ్రాన్సిస్ వాదన. అలాంటివాళ్లు లేకపోలేదు. కానీ దెబ్బ తగిలింది ఎవరికి? వాషింగ్టన్ అగ్రపీఠంలో (అక్కడి ఆర్చిబిషప్ పరిధిలో) 2022 సెప్టెంబర్ నుంచి పాత పూజ విచారణ గుళ్లు కాని మూడు చోట్లకే పరిమితమైంది. 2007ను నమ్మి తమ విచారణల్లోనే నిలిచిన కుటుంబాలు కార్లేసుకుని అక్కడికి పోవాల్సి వచ్చింది. సెయింట్ పీటర్ ఫ్రటర్నిటీకి మాత్రం పాత గ్రంథాలు వాడుకోవచ్చని 2022 ఫిబ్రవరిలో ఫ్రాన్సిసే రాసిచ్చారు. ఒక పోప్ కాగితం మీద ఇచ్చింది మరో పోప్ కాగితంతో పోతుందని, అందుకే లెఫెవ్ర్ చేసింది సరైనదని ఎకోన్ వైపు వాళ్లు వాదిస్తున్నారు. విచారణల్లో మిగిలినవాళ్లను ఆ వైపు పోకుండా పట్టుకోగలిగిన మనిషిగా బెనెడిక్ట్‌కు పేరుండేది. ఆయన పోయాక ఆ వాదనకు బదులు చెప్పాల్సిన భారం ఫ్రాన్సిస్ మీద పడింది.