హెండ్రిక్స్ తిప్పిన నాబ్‌లు: పాత లైవ్ టేపుల మీద అపోహలు - వాస్తవాలు

పాత స్పూల్ టేపులను డిజిటల్‌లోకి ఎక్కించడం నా పని. బెంచీ మీదికి వచ్చేవి ఎక్కువగా హరికథలు, నాటకాలు, పెళ్లి కచేరీలు. అయినా ఆర్కైవ్ లైవ్ ఆల్బమ్ (పాత కచేరీ టేపును ఏళ్ల తర్వాత బయటికి తెచ్చే ఆల్బమ్) అంటే ఏమిటని ఎవరడిగినా నేను చెప్పేది కెనడా ముచ్చటే. 1968 మార్చి 19న ఒట్టావాలోని ల హిబూ కాఫీ హౌస్‌లో కెనడా గాయని జోనీ మిచెల్ పాడింది. ఆ రికార్డింగ్ 2021లో ఆమె ఆర్కైవ్స్ రెండో సంపుటంలో బయటికొచ్చింది. కాఫీ హౌస్ అంటే మన ఇరానీ హోటల్ అనుకోకండి. చిన్న గది, చిన్న వేదిక, ఒక గిటారు, పాట వినడానికే వచ్చిన జనం.

అపోహ: ఇవన్నీ రికార్డు కంపెనీ బీరువాలో భద్రంగా ఉంటాయి.

ఆ సాయంత్రం అమెరికన్ రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్‌కి కూడా ఒట్టావాలోనే కచేరీ. అది కాగానే పెద్ద పెట్టెలో టేప్ రికార్డర్ మోసుకుని ల హిబూకి వచ్చాడు. రికార్డు చేసుకోనా అని జోనీని అడిగాడు. వేదిక ఎత్తు అడుగే. దాని అంచున మోకాళ్ల మీద కూర్చుని, ఆమె పాడినంతసేపూ నాబ్‌లు తిప్పుతూనే ఉన్నాడట. ఇది జోనీ స్వయంగా చెప్పిన మాట. కొద్ది రోజులకే ఆ టేపు దొంగల పాలైంది. 50 ఏళ్ల తర్వాత దొరికింది ఎక్కడనుకున్నారు? ఒక డ్రమ్మర్ పోయాక కెనడా జాతీయ ఆర్కైవ్స్‌కి చేరిన అతని సేకరణలో!

అపోహ: టేపు పాతబడి సౌండ్ పాడవుతుంది.

తేమ, వేడి తగలకుండా ఉంటే టేపు దశాబ్దాలు నిలబడుతుంది. సౌండ్ ఎలా ఉంటుందో చాలావరకు ఆ రాత్రే తేలిపోతుంది. గొంతూ గిటారూ ఒకే మైకులోకి వెళ్తే ఒకదాన్ని పెంచినప్పుడు రెండోదీ పెరుగుతుంది. వాటిని విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి గానీ అతుకులు నా చెవికి తెలుస్తూనే ఉంటాయి. ఇక పాట మధ్యలో నాబ్ తిప్పితే గదిలోని గోల కూడా పాటతోపాటే లేచి పడుతుంది. సరే, కంప్యూటర్‌లో లెవెల్ సమం చేద్దామా అంటే అప్పుడు టేపు హిస్ (టేపులో వెనకాల వినిపించే సన్నని బుస) ఎగుడుదిగుడు అవుతుంది. మేం చేయగలిగింది టేపును చదివే హెడ్ వాలును ఆ టేపుకు తగ్గట్టు సరిచేయడం, వేగం చూసుకోవడం, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో శుభ్రంగా ఎక్కించడం. అంతే.

అపోహ: పాత టేపు అనగానే ఓవెన్‌లో పెట్టాలి.

వద్దు! సన్నని వేడి పెట్టేది టేపు పూతలోని జిగురు తేమ పీల్చుకున్నప్పుడే; ఆ జబ్బు ముఖ్యంగా 1970ల మధ్య నుంచి వచ్చిన కొన్ని రకాల టేపులది. అంతకుముందు వాడిన ఎసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) టేపును వేడిచేస్తే ఉన్నదీ పోతుంది.

అపోహ: చప్పుళ్లన్నీ తుడిచేస్తేనే మంచి రికార్డింగ్.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక హరికథ టేపులో టిక్కుటిక్కులు తీసేద్దామని సాఫ్ట్‌వేర్ నడిపితే అది చిడతలను కూడా మింగేసింది. విన్న పెద్దాయన, "దాసుగారు చేతులు కట్టుకుని కథ చెప్తున్నట్టుందయ్యా" అన్నాడు. కాఫీ హౌస్ టేపుకూ అంతే. కప్పుల చప్పుడు, పాటల మధ్య శ్రుతి చేసుకోవడం, నవ్వులు తీసేస్తే స్టూడియో డెమో మిగులుతుంది. అమెరికాలోని యాన్ ఆర్బర్‌లో, కాంటర్‌బరీ హౌస్‌లో గాయకుడు నీల్ యంగ్ 1968 నవంబర్‌లో పాడిన టేపులను 2008లో విడుదల చేసినప్పుడు పాటల మధ్య అతని కబుర్లకు విడిగా ట్రాకులే ఇచ్చారు. నా ఓటు దానికే. అన్నట్టు, అది ఒక రాత్రి కచేరీ కాదు, రెండు రాత్రులది.

అపోహ: టేపులో ఉన్నదంతా ఆల్బమ్‌లో ఉంటుంది.

అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ 1962లో న్యూయార్క్ గ్యాస్‌లైట్ కేఫ్‌లో పాడిన టేపులు దశాబ్దాల పాటు దొంగ కాపీలుగా తిరిగాయి. 2005లో అధికారికంగా వచ్చిన ఆల్బమ్‌లో పదే పాటలు. అదీ మొదటి 18 నెలలు స్టార్‌బక్స్‌లో మాత్రమే అమ్మారు. మిగతా పాటలు ఆ ఆల్బమ్‌లోకి రాలేదు.