విండోస్‌లో యునిక్స్ కమాండ్లు: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో ప్రింటింగ్ ప్రెస్సులకీ, జెరాక్స్ షాపులకీ కంప్యూటర్లు చూస్తుంటాను. ఇక్కడ ఒకే మెషీన్‌లో తెలుగు శుభలేఖలూ, ఒడియా కరపత్రాలూ వేలల్లో పేరుకుపోయి ఉంటాయి. వాటిని వెతకడానికి, పేర్లు మార్చడానికి ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపేది), గ్రెప్ (ఫైళ్లలో మాటలు వెతికేది), ఫైండ్ లాంటి యునిక్స్ (విండోస్‌లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) యుటిలిటీలను విండోస్‌లో వేసుకోమని నేనే చెప్తాను. కానీ వాటి మీద కుర్రాళ్లకున్న కొన్ని నమ్మకాలు కస్టమర్ల ఫైళ్లకే ఎసరు పెడతాయి.

అపోహ: పేరు అదే కాబట్టి కమాండూ అదే.

వాస్తవం: విండోస్‌కి సొంత ఫైండ్ ఒకటుంది. అది ఫైల్ లోపలి మాటలను వెతుకుతుంది. యునిక్స్ ఫైండ్ ఫైళ్లనే వెతుకుతుంది. కమాండ్ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాని పాత్ అంటారు. యునిక్స్ కమాండ్లున్న కొత్త ఫోల్డర్‌ని మీరు యూజర్ పాత్‌లో చేర్చినా, విండోస్ ముందు సిస్టమ్ పాత్‌నే చూస్తుంది కాబట్టి దాని ఫైండే నడుస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే నల్ల కిటికీ) ‘వేర్ ఫైండ్’ (where find) కొట్టి చూడండి, మొదటి వరుసలో ఉన్నదే నడిచేది. వరుసలు సర్దే సార్ట్‌తోనూ ఇదే గొడవ.

అపోహ: తెలుగు పేర్లు ఎక్స్‌ప్లోరర్‌లో బాగానే కనిపిస్తున్నాయి, కమాండ్లకేం ఇబ్బంది?

వాస్తవం: మా వైపు అసలు టెన్షన్ ఇదే. తెలుగుకీ ఒడియాకీ విండోస్‌లో పాత ఆన్సి కోడ్ పేజీ (ఒక్కో భాషకి విడిగా ఉండే పాత అక్షరాల పట్టిక) లేదు, రెండూ యూనికోడ్‌లోనే (అన్ని భాషలకీ కలిపి ఉన్న పట్టిక) ఉన్నాయి. గ్నూవిన్32 లాంటి పాత పోర్టులేమో (యునిక్స్ కమాండ్లను విండోస్‌లో నడిచేలా మార్చిన ప్యాకేజీలు) ఫైళ్ల పేర్లను ఆన్సి పద్ధతిలోనే అడుగుతాయి. అందుకే ‘శుభలేఖ’ అనే ఫైల్ వాటికి వరుసగా ఆరు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తుంది. కంటికి నాలుగు అక్షరాలే అయినా కొమ్ము, ఏత్వం విడిగా లెక్కకొస్తాయి మరి. ప్రశ్నార్థకం అంటే కమాండ్ల లెక్కలో ‘ఏదో ఒక అక్షరం’. ఆ జాబితాను అలాగే ఆర్ఎమ్‌కి (ఫైళ్లను చెరిపే కమాండ్) అందిస్తే, ఇంగ్లిష్‌లో ఆరక్షరాల పేరున్న వేరే ఫైల్ ఎగిరిపోవచ్చు!

సిగ్విన్ అనే మరో పోర్టులో, 2009లో వచ్చిన 1.7 వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 (యూనికోడ్‌ని రాసే పద్ధతి) ఉంది. ఎమ్‌సిస్2, గిట్ బ్యాష్ అనే పోర్టులు కూడా ఈ విషయంలో నయం. వాటిలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే కంగారు పడకండి. అది ఫాంట్ లోపం, పేరు చెక్కుచెదరలేదు. ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం అక్కడే ఆగిపోండి.

అపోహ: ఆర్ఎమ్ కొట్టినా రీసైకిల్ బిన్‌లో ఉంటుందిలే.

వాస్తవం: ఉండదు. అదే ప్యాటర్న్‌ని ముందు ఎల్ఎస్‌కి ఇచ్చి, వచ్చిన పేర్లు చదివాకే చెరపండి.

అపోహ: నెట్‌లో దొరికిన సెడ్ (ఫైల్‌లో మాటలు మార్చే కమాండ్) లైన్ ఉన్నదున్నట్టు పేస్ట్ చేస్తే పనైపోతుంది.

వాస్తవం: కమాండ్ ప్రాంప్ట్ సింగిల్ కోట్స్‌ని కోట్స్‌గా లెక్కచేయదు, డబుల్ కోట్స్ పెట్టాలి. లైన్ చివరి మాట ఎంతకీ దొరక్కపోతే, విండోస్ ప్రతి లైన్ చివరా పెట్టే అదనపు గుర్తు అడ్డుపడుతుండొచ్చు. డాస్2యునిక్స్ అనే కమాండ్‌తో దాన్ని తీసేయండి.

అపోహ: డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం) వచ్చాక ఈ పోర్టులతో పనిలేదు.

వాస్తవం: డబ్ల్యూఎస్ఎల్ 2లో నడిచేది నిజమైన లైనక్స్ కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ). అయితే విండోస్ డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లను అక్కడి నుంచి తాకితే బాగా నెమ్మదిస్తుంది. డీ డ్రైవ్‌లో వేల ఫొటోలున్న స్టూడియోకైతే నేను ఎమ్‌సిస్2నే వేస్తాను. టార్ (ఫైళ్లను మూటకట్టేది), కర్ల్ (నెట్ నుంచి ఫైళ్లు దించేది) మాత్రమే కావాలంటే ఏదీ వేయక్కర్లేదు, 2018 నాటి విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి అవి విండోస్‌తోనే వస్తున్నాయి.