మోరీలో తెరుచుకునే లాకర్

"సాయంత్రం పొగ బండి వచ్చి పోతుంది, రాత్రికి దోమలు మామూలే. మందులో నీళ్లు కలుపుతున్నారా?" అని హనుమకొండ నుంచి ఒక పాఠకుడు అడిగారు. మందు మంచిదైనా ఫలితం దాదాపు అంతే ఉంటుంది. పొగలోని సన్నని తుంపర ఎగురుతున్న దోమకు తగిలితేనే అది చస్తుంది. పొగ చెదిరిందంటే మందూ పోయినట్టే. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఇంట్లో మంచం కిందో, పరదా వెనకో కూర్చుని ఉంటుంది. మనమేమో వాసన పడక తలుపులు బిడాయించుకుంటాం. దోమల జ్వరాల నియంత్రణకున్న జాతీయ కార్యక్రమం కూడా ఫాగింగ్‌ను జ్వరాలు ప్రబలినప్పుడు, డెంగీ కేసులున్న ఇళ్ల చుట్టూ వాడమంటుంది. కానీ పొగ కనబడితేనే పని జరిగినట్టు జనానికి నమ్మకం. పొలంలోనూ అంతే కదా, ఘాటు వాసన వస్తేనే అసలైన మందు!

అసలు పని మోరీలో, లార్వా దశలోనే జరగాలి. అక్కడ చల్లే మందుల్లో నాకు మహా ఇష్టమైనది బీటీఐ. వరంగల్ రైతుకు బీటీ అంటే పత్తి విత్తనం. ఆ విత్తనంలోకి జన్యువునిచ్చిన బీటీ బ్యాక్టీరియాలోనే ఇది ఇంకో రకం. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, దోమ లార్వాలు చచ్చిపోతున్న ఒక నీటి మడుగులో దొరికింది.

ఈ బ్యాక్టీరియా తనలో ప్రొటీన్ స్ఫటికాలను తయారుచేసుకుంటుంది. స్ఫటికం విషం కాదు, విషం దాచిన బ్యాంకు లాకర్. లార్వా నీటిని వడగట్టి తింటూ దాన్ని మింగుతుంది. లార్వా పేగులో క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 10 దాకా ఉంటుంది. అది మొదటి తాళంచెవి, దాంతో స్ఫటికం కరుగుతుంది. పేగులోని ఎంజైములు ప్రొటీన్‌ను కోస్తాయి, అది రెండోది. కోసిన ముక్క పేగు కణాల మీద దాన్ని పట్టుకునే గ్రాహకానికి (రిసెప్టర్) అతుక్కోవాలి, అది మూడోది. మూడూ పడితే కణం పొరకు చిల్లులు పడి, నీళ్లు లోపలికి చొరబడి కణం పగులుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, మొదటి తాళంచెవే లేదు. గ్రాహకాలూ లేవు.

మరి దోమ తన గ్రాహకాన్ని మార్చేసుకుంటే? పత్తిని తినే గులాబీరంగు పురుగు చేసింది అదే. 2002లో వచ్చిన బీటీ పత్తిలో క్రై1ఏసీ అనే ఒక్క ప్రొటీనే ఉండేది. 2010 నాటికి గుజరాత్‌లో పురుగు దాన్ని తట్టుకుంది. మురికినీటిలో బాగా పనిచేసే స్ఫెరికస్ అనే ఇంకో బ్యాక్టీరియాదీ ఒకే రకం తాళంచెవి. కొచ్చిలో మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు దానికి లొంగకుండా తయారయ్యాయి. బీటీఐలో మాత్రం క్రై4ఏ, క్రై4బీ, క్రై11ఏ, వాటితోపాటు సైట్1ఏ అనే ప్రొటీన్లు ఉంటాయి. ఈ సైట్1ఏ గడుసుది. గ్రాహకం కోసం చూడకుండా నేరుగా కణం పొరలోకి దిగి, క్రై11ఏకి తానే గ్రాహకంగా నిలబడుతుంది. దోమ తాళం మార్చితే, ఇది తన తాళం తనే బిగించుకుని తెరుస్తుందన్నమాట! బడిలో దోమ జీవితచక్రం బొమ్మ వేయించి నాలుగు మార్కులు వేస్తారు గానీ ఈ కథ చెప్పరు.

ఏ మందైనా కార్పొరేషన్ తన ఇష్టానికి కొనలేదు. 1958లో కేరళలో, ఓడలో పారాథియాన్ అనే పురుగుమందు అంటిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే 1968లో క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. మందును రిజిస్టర్ చేసేది కేంద్ర కమిటీ. దుకాణానికి లైసెన్సు ఇచ్చేది, నమూనాలు తీసేది రాష్ట్ర అధికారులు. ప్రమాదమనిపిస్తే రాష్ట్రం ఒక మందు అమ్మకాన్ని 60 రోజులు ఆపగలదు, ఇంకో 30 రోజులు పొడిగించగలదు. శాశ్వతంగా నిషేధించాలంటే మళ్లీ ఢిల్లీయే. పొలం కోసం రిజిస్టరైన మందును మోరీలో పోయడం కుదరదు.

బీటీఐకి ఒక లోపముంది. లార్వా దోమగా మారేముందు వచ్చే ప్యూపా ఏమీ తినదు కాబట్టి మందు దానికి ఎక్కదు. ఎండాకాలంలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మురికినీటిలో బీటీఐ అడుక్కి దిగిపోతుంది కూడా. కాబట్టి వారం వారం చల్లాల్సిందే. మీ వార్డు జవాన్‌ను అడగాల్సింది మందులో నీళ్ల సంగతి కాదు, పోయినసారి మోరీలో ఎప్పుడు చల్లారని. ఇక కూలర్ మీ ఇంట్లోది. ఏడిస్ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. ఫ్రైడే డ్రైడే నాడు నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపలి గోడలు పీచుతో గీకి తోమాలి.