"నాకు చూస్తేనే ఎక్కుతుంది": నేర్చుకునే శైలులపై అపోహలు - వాస్తవాలు

అపోహ: కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారు. ఎవరి శైలిలో వాళ్లకు చెబితే పాఠం బాగా వస్తుంది.

వాస్తవం: ఇష్టాలు వేరన్నది నిజమే. ఇష్టమైన పద్ధతిలో చెబితే ఎక్కువ వస్తుందన్నదే రుజువు కాలేదు. అది తేలాలంటే బొమ్మలు ఇష్టపడేవాళ్లు బొమ్మలతోనూ, వినడం ఇష్టపడేవాళ్లు వినడంతోనూ ఒకే పరీక్షలో మెరుగ్గా రాయాలి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలన్నీ వెతికితే, ఇలా సరిగ్గా చేసినవే చాలా తక్కువ. వాటిలోనూ కొన్ని ఈ వాదనకు ఎదురు తిరిగాయి.

శైలి తేల్చే ప్రశ్నావళి మీకేది ఇష్టమో చెబుతుంది, ఏది వస్తుందో చెప్పదు. "నాకు చదివితే ఎక్కదు" అని పిల్లలు పుస్తకం పక్కన పెట్టేస్తే ఆ నష్టం చాలాకాలం వెంటాడుతుంది.

అపోహ: అయితే ఎలా చెప్పినా ఒకటే.

వాస్తవం: కాదు. పద్ధతిని పాఠం నిర్ణయిస్తుంది. ఉచ్చారణ ఎవరైనా వినాల్సిందే, ముడి వేయడం చేతులతో నేర్వాల్సిందే. గుండెలో రక్తప్రసరణకు బొమ్మా కావాలి, మాటా కావాలి. పేర్లు బొమ్మ కింద జాబితాగా కాకుండా ఆయా భాగాల పక్కనే రాయండి. లేకపోతే కన్ను అటూ ఇటూ తిరగడంతోనే సరిపోతుంది. తర్వాత పుస్తకం మూసి తెల్లకాగితం మీద గీయించండి: కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని. ఎక్కువగా తప్పేది పుపుస ధమని దగ్గర. ధమని అనగానే మంచి రక్తమని రాసేస్తారు. అది ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకెళ్తుంది. తప్పును వేరే రంగుతో దిద్దించి, రెండు రోజులాగి మళ్లీ గీయించండి.

అపోహ: నాలుగుసార్లు చదివితే బాగా గుర్తుంటుంది.

వాస్తవం: మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో నాలుగుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 40 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. అయితే 5 నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లదే పైచేయి. మనం మోసపోయేది అక్కడే.

అపోహ: అందరికీ ఒకేలా చెప్పేయొచ్చు.

వాస్తవం: అసలు తేడా ముందే ఏం తెలుసన్న దగ్గర ఉంటుంది. కొత్తవాళ్లకు మెట్టు మెట్టుగా చేసి చూపిన లెక్కలివ్వాలి. కొంత వచ్చినవాళ్లకు అవే అడ్డం, సొంతంగా చేయనివ్వాలి. అందుకే పాఠానికి ముందు రెండు మూడు చిన్న ప్రశ్నలడిగి, ఎవరెక్కడున్నారో చూసుకుని మొదలుపెట్టండి.