కమోడ్ గుడగుడమంటే టైల్స్ పగలగొట్టకండి, ముందు డాబా ఎక్కండి

ఈ వారంలో ఇది మూడో ఫోన్. "తమ్ముడూ, ఫ్లష్ కొడితే బాత్రూం జాలీలోంచి గుడగుడమంటోంది, ఒకటే వాసన, పైపు బ్లాకైందంట, టైల్స్ పగలగొట్టాలంటున్నారు" అని ఒకావిడ దాదాపు ఏడుస్తూ చెప్పింది. ఆగండమ్మా, సుత్తి పట్టనివ్వకండి.

అపోహ: గుడగుడ వచ్చిందంటే పైపులో అడ్డం పడ్డట్టే.

వాస్తవం: ఫ్లష్ నీళ్లు ఒక్కసారిగా దిగుతుంటే వాటి వెనకాలే పైపులోకి గాలి రావాలి, డాబా మీదకి వెంట్ పైపు లేపేది అందుకే. అది మూసుకుపోతే పైపు ఆ గాలిని పక్కనున్న నహానీ ట్రాపులోంచి, అంటే బాత్రూం జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నెలోంచి లాక్కుంటుంది, మీరు వినే గుడగుడ అదే. ట్రాపులో నిలిచే 2 అంగుళాల నీళ్లే వాసనని ఆపేది, అవి కూడా లాక్కుపోతే సెప్టిక్ ట్యాంక్ గ్యాస్ నేరుగా ఇంట్లోకే.

నేను ముందు బయట చాంబర్ మూత తీస్తా. నీళ్లు నిండి నిలబడ్డాయా, అయితే అక్కడి నుంచి బయటికి పోయే లైన్లో బ్లాకే. ఒక్క కమోడే మెల్లగా దిగుతూ మిగతావన్నీ బాగుంటే అడ్డం దాని ట్రాపులోనే. ఇవేవీ కాకపోతే జాలీ తీసి టార్చి వేసి, ఇంట్లోవాళ్లని ఫ్లష్ కొట్టమంటా. ట్రాపులో నీళ్లు బుడగలు కక్కి కిందకి జారాయంటే నా అనుమానం వెంట్ మీదే, డాబా ఎక్కి వెంట్ పైపు మీది టోపీ, అదే కౌల్, ఊడదీసి మళ్లీ కొట్టిస్తా, శబ్దం ఆగిందా, దొంగ దొరికినట్టే.

పోయిన వానాకాలం విజయవాడలో ఒకింటికెళ్లా. పైన రేకుల షెడ్డుకి అడ్డమొచ్చిందని మేస్త్రీ వెంట్ పైపు కోసేసి, సిమెంటు సంచి ముక్క కుక్కి, పైన మాలు పూసేశాడు. పాపం వాళ్లు కమోడ్ మార్చారు, ట్యాంకు రెండుసార్లు ఖాళీ చేయించారు, పెద్దావిడ వాసన భరించలేక తన గది వదిలేసి హాల్లో చాప వేసుకుంటోంది. మాలు చెక్కి ఆ సంచి పీకి, కింద ఫ్లష్ కొట్టమని కేకేశా, పైపు నోటి దగ్గర చెయ్యి పెడితే గాలి సర్రున లోపలికి పీల్చుకోవడం అరచేతికి తెలిసింది. పైపుని షెడ్డు మీదకి పెంచి కిందకొస్తే పెద్దావిడ "ఇంతేనా నాయనా" అంది. ఆ ఇంతే తెలియక ఎంత డబ్బు పోయిందో.

మిగతావి గబగబా. దోమలొస్తున్నాయని వెంట్ పైపుకి గుడ్డ కట్టకండి, జాలీ వల కట్టండి, అదీ అప్పుడప్పుడు దులపండి. వాసన రాగానే ట్యాంకు నిండిందని ఎవడో అన్నాడని ట్యాంకర్ పిలవకండి. యాసిడ్ పోస్తే మూసుకున్న వెంట్ తెరుచుకోదు, పైగా బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పోశారో క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, ఊపిరాడదు, ప్రాణం మీదకొస్తుంది. ట్యాంకులోకి మాత్రం మనిషిని దించొద్దు, ఎవరెంత ధైర్యం చెప్పినా సరే.

వాడని గెస్ట్ బాత్రూంలో వాసనొస్తే మాత్రం ఎక్కువసార్లు ట్రాపు ఎండిపోయి ఉంటుంది, జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోసి ఒక పూట చూడండి, అప్పటికీ తగ్గకపోతే ఫోన్ చేయండి.